అవిభక్త కవలల విభజనము

"అవిభక్తము" అను మాట మన యిండ్లలో క్రొత్తది కాదు. అన్నదమ్ములు ఆస్తిని పంచుకొనకుండ కలిసియున్న సంసారమును అవిభక్త కుటుంబమందుము. అంతవరకు పొలము ఒక్కటి, బావి ఒక్కటి, పొయ్యి ఒక్కటి. పంపకమునకు కూర్చున్ననాడు పెద్దమనుష్యులు మొదట పొలము పటమును తెమ్మందురు. గట్టు ఎందాక ఉన్నది, చింతచెట్టు ఎవరి దిక్కునకు వచ్చుచున్నది, ఉమ్మడి బావిలోని నీటికి వంతు లెట్లు అని తేలిన పిదపనే హద్దురాళ్లు నాటుదురు. పటము లేక నాటిన రాయి తరువాత తరములవారికి వ్యాజ్యముగా మిగులును.

మానవదేహము విషయములోను ఇట్టి చిక్కు అరుదుగా సంభవించుచున్నది. తల్లి కడుపులోనే దేహములు కలిసిపోయి, అట్లే జన్మించిన శిశువులను మనము అవిభక్త కవలలని పిలుచుచున్నాము. ఈ పేరును మొదట వాడినవా రెవరో గాని, దానిలో గొప్ప ఔచిత్యమున్నది. ఈ శిశువులకును పంపకము కావలెను. ఆ పంపకమునకును ముందుగా పటము కావలెను. ఆ పటమును వైద్యులు ఎట్లు సిద్ధపరతురు, దాని ననుసరించి శస్త్రచికిత్సకు ఎట్లు ఆయత్తమగుదురు, పటము చెప్పజాలని సంగతు లెవ్వి అను మూడు విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఏబదివేల కాన్పులకు ఒకటి మొదలు రెండులక్షల కాన్పులకు ఒకటి వరకు ఇట్టి జననములు జరుగునని వైద్యశాస్త్రజ్ఞుల అంచనా. వీరిలో సగమునకు మించి మృతశిశువులుగానే పుట్టుదురు. సజీవులుగా పుట్టినవారిలో ఆడపిల్లలే ఎక్కువ. వీరు ఎల్లప్పుడును ఒకే అండమునుండి ఏర్పడిన కవలలు. కావున ఇద్దరును ఆడపిల్లలైనను కావలెను, ఇద్దరును మగపిల్లలైనను కావలెను. సామాన్యమైన కవలలలో ఆ ఒక్క పిండము మొదటి కొద్దిదినములలోనే రెండుగా చీలి, రెండు వేరువేరు దేహములుగా పెరుగును. ఆ చీలిక ఆలస్యమై, ఫలదీకరణము జరిగిన రెండువారముల ప్రాంతమున ఆరంభమై పూర్తికాకపోయినచో దేహములు ఏదో యొకచోట అంటియుండిపోవునని కొందరు చెప్పుదురు. చీలిన పిండములే మరల ఒకచోట అతుకుకొనునని మరికొందరి వాదము. వాదము ఏదైనను ఈ మార్పు గర్భము నిలిచిన మొదటి వారములలోనే, చాలమంది తల్లులకు తాము గర్భవతులమను సంగతియైనను తెలియక మునుపే, జరిగిపోవును.

ఈ సంగతిని ఒత్తి చెప్పుటకు కారణము కలదు. కవల అరటిపండు తిన్నందువలన అతుకుకొన్న బిడ్డలు పుట్టిరనియు, గ్రహణమునాడు కదలినందువలన అంగలోపము కలిగెననియు మన పల్లెలలో ఇప్పటికిని చెప్పుకొందురు. అట్టి మాటలవలన ఇప్పటికే దుఃఖములో నున్న తల్లి నేరస్థురాలి వలె తలవంచుకొనవలసి వచ్చుచున్నది. పండునకును, గ్రహణమునకును, ఆమె నడకకును, ఆమె పూర్వపుణ్యమునకును దీనితో సంబంధము లేదు. మేనరికపు పెండ్లివలన వచ్చు వ్యాధులు కొన్ని కలవు గాని, ఇది ఆ కోవకు చెందినదని నిరూపణ కాలేదు. ఒక కాన్పులో ఇట్లు జరిగిన తల్లికి మరుకాన్పులోను ఇట్లే జరుగునను భయమునకును ఆధారము లేదు.

దేహములు కలిసిన చోటునుబట్టి వైద్యులు వీరిని తరగతులుగా విభజించిరి. రొమ్ము వద్ద కలిసినవారు అందరికంటె ఎక్కువ. వీరికి గుండె సంచి ఉమ్మడిగా నుండుట, కొందరికి గుండెలే కలిసిపోవుట కద్దు. బొడ్డు ప్రాంతమున కలిసినవారికి కాలేయము తరచు ఉమ్మడిగా నుండును. పిరుదుల వద్ద, కటి వద్ద కలిసినవారికి ప్రేగు చివరిభాగము, మూత్రమార్గములు, వెన్నుపాము తుది చిక్కుపడియుండును. తలలు కలిసినవారు అందరికంటె అరుదు; ఇరువదియైదు లక్షల జననములకు ఒకటి యని సామాన్యముగా చెప్పబడుచున్న లెక్క. బయటినుండి చూచినప్పుడు రెండు జంటలు ఒకే తీరుగ కనబడినను, చర్మముక్రింద ఒకరి కథ మరొకరి కథతో సరిపోలదు. అందుచేతనే ఈ చికిత్సలో పాతదారిని కండ్లు మూసికొని నడచుట కుదరదు.

పటము లేని కాలములో ఏమి జరిగెనో తెలిసికొన్నచో నేటి పటముల విలువ మనకు బోధపడును. 1811లో సయాము దేశమున జన్మించిన చాంగ్, ఎంగ్ అను సోదరులు రొమ్ము దిగువన ఒక కండబంధముతో కలిసియుండిరి. వీరి కారణముననే అవిభక్త కవలలకు చిరకాలము సయామీ కవలలను పేరు నిలిచినది. వారు అమెరికాలో స్థిరపడి, వివాహములు చేసికొని, వ్యవసాయము చేసి, అరువదిరెండేండ్లు జీవించిరి. ఆ బంధములో ఏమున్నదో చెప్పగల వైద్యుడు వారి జీవితకాలములో లేకపోయెను. 1874లో ఒక సోదరుడు మరణించిన కొలది గంటలలోనే రెండవవాడును గతించెను. వారి కాలేయములు ఆ బంధముగుండ కలిసియున్నవని మరణానంతర పరీక్షలోగాని తేలలేదు.

మనకు పొరుగుననున్న ఒరిస్సాలో పుట్టిన రాధిక, దూధిక అను బాలికల కథ ఇంకను దయనీయము. వారిని ప్రదర్శనలకై ఐరోపాకు కొనిపోయిరి. దూధికకు క్షయ సోకినందున, రెండవ బాలికను కాపాడు ఉద్దేశముతో 1902లో పారిస్ నగరమున డొయెన్ అను శస్త్రవైద్యుడు వారిని వేరుచేసెను. ఆ శస్త్రచికిత్సను చలనచిత్రముగా కూడ తీసిరి. దూధిక కొలది దినములలోనే మరణించెను. రాధికయు మరుసటి సంవత్సరము ఆ క్షయవ్యాధికే బలియయ్యెను. ఎక్స్‌రే కిరణములను రాంట్‌జెన్ 1895లోనే కనుగొనియుండెను గాని, ఆ కిరణములు ఎముకను చూపినంత స్పష్టముగా కాలేయమును, రక్తనాళమును చూపవు. నాటి వైద్యుడు కత్తితో తెరచిన పిమ్మట చేతితో తడవి లోపలి సంగతి గ్రహించవలసి వచ్చెడిది.

ఇక నేటి పటముల సంగతి. వీనిలో మొదటిది బిడ్డ పుట్టకముందే తయారగును. అదియే మన ఊళ్లలో అందరును "స్కానింగు" అని పిలుచు అల్ట్రాసౌండు పరీక్ష. మనుష్యుల చెవికి వినబడని ధ్వనితరంగములు తల్లి కడుపులోనికి పోయి, లోపలి అవయవములకు తగిలి, తిరిగివచ్చును. ఆ ప్రతిధ్వనులను యంత్రము బొమ్మగా మార్చును. రాత్రివేళ ఊరిచివర గుట్టకు ఎదురుగా కేకవేసి, తిరిగివచ్చిన శబ్దమునుబట్టి గుట్ట దూరమును ఊహించినట్లే ఇది. ఇందు ఎక్స్‌రే కిరణములు లేవు. కావున గర్భస్థశిశువునకు ఆ కిరణముల భయము లేదు.

కవలలున్నారని తేలినప్పుడు వైద్యుడు మొదట వారి నడుమ పొర యున్నదా లేదా యని చూచును. పొర కనబడినచో వారు వేరువేరు గదులలో నున్నారన్నమాట. పొర లేనిచో జాగ్రత్తగా పరీక్షింపవలెను. ఇద్దరి తలలును ఎప్పుడు చూచినను ఒకే మట్టమున నుండుట, తల్లి అటునిటు తిరిగినను వారు ఒకరినుండి ఒకరు తొలగకుండుట, వెన్నెముకలు వెనుకకు వంగియుండుట, ఒకే బొడ్డుత్రాటిలో మూటికి మించిన రక్తనాళములు కనబడుట అనునవి అనుమానమునకు గుర్తులు. పదునొకటి మొదలు పదునాలుగు వారముల మధ్య జరుపు స్కానింగులోనే దీనిని పలుమారులు గుర్తింపవచ్చును. పదునెనిమిది, ఇరువది వారముల మధ్య జరుపు వివరమైన స్కానింగులో గుండెలు ఎన్ని, కాలేయము ఎట్లున్నది, వెన్నెముకలు ఎచట కలిసినవి అను సంగతులు చాలవరకు తెలియును.

మన కర్నూలు, కడప సీమలలో అసలు చిక్కు ఇక్కడనే వచ్చుచున్నది. ఆదోని, కోసిగి ప్రాంతముల కూలీ కుటుంబములు వానలు లేని యేట సుగ్గికి పోవుట ఎరుగని వారెవరు? మిరపకోతకు గుంటూరు సీమకు పోయిన గర్భవతి అక్కడ ఒక ఆసుపత్రిలో చూపించుకొనదు. ఇక్కడ ఊరిలో నున్నచో ఆశా కార్యకర్త, నర్సు వచ్చి విచారింతురు గాని, ఆమె ఊరిలో నుండదు. తిరిగివచ్చునప్పటికి ఏడవ మాసమో, ఎనిమిదవ మాసమో నడచుచుండును. అప్పటికి తెలిసినను కాన్పు ఎచట జరుగవలెనను నిర్ణయము తప్ప కుటుంబమునకు మరియొక వెసులుబాటు దాదాపు మిగులదు. సకాలములో తెలిసినచో పెద్ద ఆసుపత్రిలో నిపుణులతో ఆలోచించుటకు వ్యవధి యుండును. చట్టప్రకారము గర్భమును కొనసాగించుటయా, మానుటయా యని తల్లి తన యిష్టము చెప్పుటకును వీలుండును. 2021లో సవరింపబడిన చట్టము ఇరువదినాలుగు వారముల పిమ్మటకూడ, తీవ్రమైన శిశులోపమున్నదని వైద్యమండలి నిర్ధారించినచో, గర్భస్రావమునకు అనుమతించుచున్నది. ఇది తల్లి యిష్టమునకు వదలవలసిన విషయము. బంధువులు గాని, వైద్యులు గాని తొందరపెట్టరాదు.

శిశువులు జన్మించిన పిదప పటము మరింత నిశితముగా తయారుకావలెను. ఇట్టి కాన్పులు సామాన్యముగా శస్త్రచికిత్సద్వారానే జరుపబడును. మొదటి దినములలోనే గుండెకు ఎకోపరీక్ష చేయుదురు. ఇదియు ధ్వనితరంగముల పరీక్షయే. గుండెలు రెండా, ఒకటా, రెండైనచో గదులు వేరా అనునది ఇందులో తేలును. ఈ ఒక్క సమాధానముమీదనే తక్కిన ఆలోచన యంతయు ఆధారపడియుండును. గుండెకండరమే ఇద్దరికిని ఉమ్మడియైనచో ఇద్దరిని బ్రతికించు విభజనము దాదాపు అసాధ్యము.

తరువాతివి సి.టి., ఎం.ఆర్.ఐ. అను రెండు పరీక్షలు. సి.టి. యంత్రము ఎక్స్‌రే కిరణములను దేహముచుట్టు త్రిప్పి, రొట్టెను పలుచని ముక్కలుగా కోసినట్లు, దేహమును పొరలుపొరలుగా చిత్రించును. 1971లో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డు నిర్మించిన యంత్రముతో మొట్టమొదటి రోగికి ఈ పరీక్ష జరిగెను. 1979లో ఆయనకును, ఆ గణితమునకు దారిచూపిన కార్మాక్‌కును నోబెలు బహుమానము లభించెను. ఎముకలను, రక్తనాళములను చూపుటలో సి.టి. మేలైనది. ఎం.ఆర్.ఐ. అయస్కాంతశక్తితో పనిచేయును, మెదడు, వెన్నుపాము వంటి మెత్తని అవయవములను చూపుటలో అది మేలైనది. దానిలో ఎక్స్‌రే కిరణములు లేవు గాని, బిడ్డ చాలసేపు కదలక పడియుండవలెను. అందుకు మత్తుమందు ఈయవలసి యుండును. రక్తప్రసారము ఉమ్మడిగా నున్నచో ఒక బిడ్డకు ఇచ్చిన మందు రెండవ బిడ్డకును ప్రాకును. కావున బొమ్మ తీయుటకు ముందే ఇద్దరికిని వేరువేరు మత్తువైద్యులు సిద్ధముగా నుందురు.

ఈ ప్రాకెడి గుణమునే వైద్యులు పరీక్షగా కూడ మార్చుకొనిరి. ఎక్స్‌రేలో తెల్లగా కనబడు కాంట్రాస్టు మందును మొదట ఒక బిడ్డ రక్తనాళములోనికి ఎక్కించి చిత్రము తీయుదురు. ఆ మందు రెండవ బిడ్డ దేహములో ఎచటికి, ఎంతసేపటికి, ఎంత చేరినదో గమనింతురు. పిదప రెండవ బిడ్డకును అట్లే చేయుదురు. దీనివలన ఏ అవయవమునకు ఎవరి గుండె రక్తము పంపుచున్నదో, ఎవరి రక్తము ఎవరివైపు పారుచున్నదో తేటపడును. కాలేయము ఉమ్మడియైనచో పైత్యనాళములు రెండున్నవా యని విడిగా పరీక్షింతురు. కాలేయమును కోసి పంచుట సాధ్యమే, మిగిలిన భాగము మరల పెరుగును కూడ. పైత్యనాళము ఒక్కటే యైనచో చిక్కు పెద్దది. ప్రేగులకును, మూత్రమార్గములకును ఇట్టి విడివిడి పరీక్షలు కలవు.

తలలు కలిసిన కవలల విషయములో అన్నిటికంటె కష్టమైనది మెదడుకంటెను మెదడులోని రక్తము బయటికి పోవు మార్గము. దీనిని మన కె.సి. కాలువ సాదృశ్యముతో వివరింతుము. సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరిన ఆ కాలువ కర్నూలు, నంద్యాల ప్రాంతములను తడిపి కడప సీమకు వచ్చుచున్నది. పొలమునకు నీరు తెచ్చు కాలువ ఎంత ముఖ్యమో, వాడిన నీరు వెడలిపోవు మురుగుకాలువయు అంత ముఖ్యమని వరిపండించు రైతు ఎరుగును. మురుగును ఒక్కసారిగ పూడ్చినచో పైరు ఊటబట్టి కుళ్లును. మెదడునకు రక్తము తెచ్చునవి ధమనులు. వాడిన రక్తమును గుండెకు చేర్చునవి సిరలు. నడినెత్తిన, పుఱ్ఱెక్రింద, ముందునుండి వెనుకకు ఒక పెద్ద సిరామార్గము కలదు. తలలు కలిసిన కవలలలో పలువురికి ఈ మార్గము ఉమ్మడిగా నుండును. దానిని ఒక బిడ్డకు ఇచ్చివేసినచో రెండవ బిడ్డ మెదడులో రక్తము నిలిచి, వాచి, ప్రాణాపాయము కలుగును.

ఇందుకు వైద్యులు కనుగొన్న ఉపాయమును కూడ మన రైతు సుళువుగా గ్రహింపగలడు. కాలువను ఒక్కరోజున మూయక, కొంచెము కొంచెముగా బిగించుచు పోయినచో నీరు ప్రక్కపిల్లకాలువలను వెదకుకొని, వానిని వెడల్పు చేసికొనును. దేహములోని చిన్నసిరలును అట్లే వెడల్పగును. ఒకే దీర్ఘశస్త్రచికిత్సకు బదులు, నెలల వ్యవధి నిచ్చుచు మూడు నాలుగు విడతలుగా వేరుచేయు పద్ధతి ఇందుండియే పుట్టెను. న్యూయార్కులో గుడ్రిచ్ అను వైద్యుని బృందము 2003, 2004 సంవత్సరములలో ఫిలిప్పైన్సునుండి వచ్చిన బాలురను నాలుగు విడతలలో వేరుచేసి, ఇద్దరిని బ్రతికించినది. అటుపిమ్మట ఈ విడతల పద్ధతికి ప్రాధాన్యము హెచ్చెను.

చిత్రములు కాగితముమీదను, తెరమీదను బల్లపరుపుగా నుండును; దేహము అట్లుండదు. ఈ లోటును తీర్చుటకు గణనయంత్రములు సహాయపడుచున్నవి. సి.టి., ఎం.ఆర్.ఐ. పొరలను ఒకదానిపై నొకటి పేర్చి, పుఱ్ఱెను, మెదడును, రక్తనాళములను రంగురంగుల ఘనరూపముగా నిర్మింతురు. 1997లో దక్షిణాఫ్రికాలో, జాంబియా దేశపు పసిబాలురను బెన్ కార్సన్ బృందము వేరుచేసినప్పుడు అట్టి రూపమును ముందుగా చూచి సాధన చేసిరి. ఇప్పుడు అదే రూపమును ప్లాస్టిక్కుతో ముద్రించి చేతిలో పట్టుకొనవచ్చును. శస్త్రవైద్యుడు ఆ నమూనాను త్రిప్పి, కోసి, మరల అతికి చూచుకొనును. 2022లో బ్రెజిల్ వైద్యులును, లండనులోని జిలానీ అను వైద్యుడును కండ్లకు ప్రత్యేకపు అద్దములు తగిలించుకొని, వేరువేరు దేశములలో నుండియే ఒకే కల్పిత శస్త్రచికిత్సాగారములో ముందుగా సాధన చేసి, పిమ్మట రియో నగరమున మూడేండ్లు దాటిన సోదరులను వేరుచేసిరి.

పటము సిద్ధమైన పిమ్మట పథకము మొదలగును. తక్షణ ప్రమాదము లేనిచో సామాన్యముగా శిశువులకు కొన్నినెలల వయస్సు వచ్చువరకు వేచియుందురు; అప్పటికి బరువు పెరుగును, రక్తనష్టమునకు తట్టుకొను శక్తి వచ్చును. ఒక బిడ్డ ప్రాణాపాయస్థితిలో పడినప్పుడు ఆదరాబాదరాగా చేసిన విభజనములకంటె, ఇట్లు సిద్ధపడి చేసినవాని ఫలితములు ఎంతో మేలు.

పథకములో సామాన్యులకు తట్టని సంగతి చర్మము. రెండు దేహములను వేరుచేసినచోట తెరచిన గాయములు రెండు మిగులును. వానిని కప్పుటకు చర్మము చాలదు. అందుచేత శస్త్రచికిత్సకు కొన్నివారములు ముందుగానే చర్మముక్రింద సిలికాను సంచులను అమర్చి, దినములు గడచుకొలది వానిలోనికి ఉప్పునీటిని ఎక్కింతురు. గర్భవతి కడుపుచర్మము సాగినట్లే ఆ చర్మమును క్రమముగా సాగి, కప్పుటకు చాలినంత సిద్ధమగును.

రెండవది మనుష్యుల ఏర్పాటు. ఒక బల్లపై పరుండిన ఇద్దరు రోగులకు రెండు వైద్యబృందములు, రెండు మత్తుయంత్రములు, రెండు రక్తనిధులు కావలెను. ఒకరి మందు మరొకరికి పోకుండుటకై ఒక బిడ్డకు ఒక రంగు, రెండవ బిడ్డకు మరొక రంగు కేటాయించి, గొట్టములకును, సూదులకును, కాగితములకును, సిబ్బంది టోపీలకును ఆ రంగులే గుర్తుగా నుంతురు. బొమ్మలను అతికించి బల్లపై పరుండబెట్టి, ఎవరెచట నిలువవలెను, విడిపోయిన క్షణమున ఏ బిడ్డను ఏ బల్లకు మార్చవలెను అని ముందుగా నాటకమువలె సాధన చేయుదురు. 2007 నవంబరులో మన సీమకు దాపుననున్న బెంగుళూరులో, స్పర్శ్ ఆసుపత్రి వైద్యులు, పూర్తిగా ఎదగని కవలదేహము కటి వద్ద కలిసియుండిన రెండేండ్ల బీహారు బాలికకు ఇరువదియేడు గంటలు శస్త్రచికిత్స చేసిరి. అన్ని గంటలపాటు ఒకరి తరువాత ఒకరుగా నిపుణులు పని నందుకొనుట పూర్వసాధన లేనిదే సాగదు.

తలలు కలిసిన బాలురకు మనదేశమున జరిగిన ప్రసిద్ధ విభజనము 2017లోనిది. ఒడిశాలోని కంధమాల్ జిల్లాకు చెందిన రెండేండ్ల జగ్గ, కలియ అను సోదరులకు ఢిల్లీలోని ఎయిమ్స్‌లో ఆగస్టు 28న మొదటి విడత జరిగెను. అప్పుడు ఉమ్మడి సిరకు బదులుగా క్రొత్తమార్గమును కల్పించిరి. అక్టోబరు నెలలో రెండవ విడతలో వారిని వేరుచేసిరి. 2019లో వారు స్వరాష్ట్రమునకు తిరిగివెళ్లిరి. 2020 నవంబరులో కలియ కటకములో అనారోగ్యముతో మరణించెను. కావున ఆ చికిత్స గెలుపా, ఓటమియా యని ఒక్కమాటలో తేల్చుట న్యాయముగాదు. విభజనము జరిగిన దినముతో కథ ముగియదను సత్యమును మాత్రము అది చెప్పుచున్నది.

పటము చెప్పజాలనిదేమో 2003లో సింగపూరున తెలిసినది. లాదన్, లాలే అను ఇరాను సోదరీమణులు తలలు కలిసి ఇరువదితొమ్మిదేండ్లు జీవించిరి. ఇద్దరును న్యాయశాస్త్రము చదివిరి. ప్రమాదము తెలిసియే, ఎవరి జీవితము వారికి కావలెనని వేరుచేయుమని కోరిరి. వైద్యులు గణనయంత్రములతో ఘనరూపములను నిర్మించి సిద్ధపడిరి. లోపల తెరచినప్పుడు, వేరువేరుగానున్న మెదడులు ఏండ్ల తరబడి ప్రక్కప్రక్కన నుండుటచే ఒకదానికొకటి అంటుకొనిపోయి, వేరుచేయుట ఊహించినదానికంటె కష్టమాయెను. రెండుదినములకు పైగా సాగిన శస్త్రచికిత్స చివర, జూలై 8న, రక్తస్రావముచేత ఇద్దరును మరణించిరి. పటము నాళమెచటనున్నదో చూపును. దానిని తాకినప్పుడు అది ఎట్లు ప్రవర్తించునో చూపదు. వయస్సు పెరిగినకొలది దేహములు ఒకదానిలోనొకటి మరింత అల్లుకొనునను సంగతియు అప్పుడు లోకమునకు గట్టిగా తెలిసివచ్చెను.

మన తెలుగువారికి ఈ ప్రశ్న వీణ, వాణి అను సోదరీమణుల మూలముగా ఇంటింటి సంగతియైనది. నాటి వరంగల్లు జిల్లాకు చెందిన కుటుంబమున 2003 అక్టోబరులో తలలు కలిసి జన్మించిన వీరు, మొదట గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో వైద్యుడు నాయుడమ్మగారి పర్యవేక్షణలో నుండిరి. అవిభక్త కవలలను వేరుచేసిన శిశుశస్త్రవైద్యుడుగా పేరుపొందిన ఆయనకు 2016లో పద్మశ్రీ లభించినది. పిమ్మట ఆ బాలికలు హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో పెరిగిరి. పలుచోట్ల నిపుణులు వారి చిత్రములను పరిశీలించిరి. 2015లో లండను వైద్యులును వచ్చి చూచిరి. ఉమ్మడి సిరల అపాయమును తూచి చూచుచుండగనే ఏండ్లు గడచెను, శస్త్రచికిత్స జరుగలేదు. 2017 ఆరంభమున వారిని ఆసుపత్రినుండి ప్రభుత్వ సంరక్షణాలయమునకు మార్చిరి. 2020లో పదవ తరగతియు, 2022లో ఇంటర్మీడియటు ప్రథమశ్రేణిలోను వారు ఉత్తీర్ణులైరి.

వేరుచేయకుండుట యనునది కూడ ఒక వైద్యనిర్ణయమే యని వారి జీవితమువలన గ్రహింపవలెను. ఏమియు చేయలేదని వైద్యులను నిందించుట తేలిక. ఇద్దరిలో ఒకరిని పోగొట్టుకొను అవకాశము ఎంత యున్నది, ఇద్దరిని పోగొట్టుకొను అవకాశము ఎంత యున్నది యని చిత్రమును ముందుంచుకొని తూచుట కష్టము. పసితనములో ఆ నిర్ణయము తల్లిదండ్రులది. పెద్దవారైన పిదప అది వారిద్దరిది. వీణ, వాణులకు 2021లో పదునెనిమిదేండ్లు నిండినవి. ఇకపై వారి దేహమును గురించి ఎవ రేమి తలపెట్టినను మొదట అడుగవలసినది వారినే. అదియు ఇద్దరిని, ఎవరికి వారినిగా.

చివరకు మన సీమ గృహస్థులకు ఉపయోగపడు నాలుగు మాటలు చెప్పి ముగింతుము. గర్భము నిలిచినదని తెలిసిన వెంటనే పేరు నమోదు చేయించవలెను. మూడవ నెల దాటులోపల ఒక స్కానింగు, అయిదవ నెలలో వివరమైన మరియొక స్కానింగు తప్పనిసరి యని భావింపవలెను. సుగ్గికి పోవు కుటుంబములు ఈ రెండవదానిని చేయించుకొనియే బయలుదేరుట, లేనిచో పోయినచోటనే దగ్గర ఆసుపత్రిలో చేయించుకొనుట మేలు. స్కానింగులో ఆడో మగో చెప్పుట 1994 నాటి చట్టము ప్రకారము నేరము. అది అడుగుటయు నేరమే. ఆ చట్టమును తలచి స్కానింగునకే వెనుదీయుట మాత్రము తగదు. శిశువు ఆరోగ్యమును చూచుటను ఆ చట్టము ఎన్నడును అడ్డలేదు.

కవలలని చెప్పినప్పుడు "నడుమ పొర కనబడినదా?" అను ఒక్క ప్రశ్నను వైద్యుని అడుగుటకు ఎవరును జంకనక్కరలేదు. అనుమానమున్నదన్నచో కాన్పును ఊరి ఆసుపత్రిలో జరుపబూనక, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రివంటి పెద్ద ఆసుపత్రికి ముందుగానే వెళ్లి, అక్కడి నిపుణులు ఎచటికి పంపిన అచటికి పోవుట మంచిది. తీసిన చిత్రములను, కాగితములను ఒక సంచిలో భద్రపరచవలెను. ఊరిలో తీసిన మొదటి చిత్రమునకు నగరములోని వైద్యుడు విలువ యీయడని తలంపరాదు. నెలనెలకు ఏమి మారినదో తెలియుటకు అది ఆయనకు కావలెను.

అన్నిటికంటె ముందుగా, ఆ తల్లిని చూడవచ్చినవారు వింతచూచుటకు కాక తోడునిలుచుటకు రావలెను. ఆ బిడ్డల ఫోటోలు తీసి ఊరూర త్రిప్పుట మానవలెను. పారిసులో రాధిక, దూధికలను చూచుటకు జనులు డబ్బిచ్చి టిక్కెట్లు కొనిరి. నేడు అంతపని జరుగకున్నను, చేతిలోని ఫోనుతో అదేపనిని ఉచితముగ చేయుచున్నాము. వైద్యులు నెలలతరబడి శ్రమించి పటములు గీయుచుండగా, ఇరుగుపొరుగువారుగా మనము చేయగలిగినది ఆ యింటి వాకిట గుమిగూడకుండుటయు, ఆసుపత్రికి పోవునాడు బండి కట్టి యిచ్చుటయు, వెనుక నున్న పిల్లలకు అన్నము పెట్టుటయునే.